లఖారీ అడవి గెడ్డలో తాళ్ల మీద

గురువారం, పర్లాకిమిడి

మా ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి గెడ్డలు, అంటే కొండవాగులు, కొత్త కాదు. చిన్నప్పుడు సెలవులొస్తే మహేంద్రతనయ నదిలో ఈతే మాకు పని. జలపాతం అంచున తాడు కట్టి, ఆ నీళ్లతో పాటే కిందికి దిగడం మాత్రం ముంబైలో ఉద్యోగం చేసిన రోజుల్లో సహ్యాద్రి కొండల్లో నేర్చుకున్న విద్య. ఊరికి తిరిగొచ్చాక ఆ తాళ్లు అటకెక్కాయి.

వాటిని దింపించింది బరంపురం అమ్మాయి ఒకామె. కప్పలు, బల్లుల మీద పరిశోధన చేస్తోంది. ఒడిశాలోని మా గజపతి జిల్లాలో, లఖారీ లోయ అభయారణ్యంలో ఒక గెడ్డ ఇరుకు గండిలో పడి, జలపాతం తర్వాత జలపాతంగా దూకి, కింద వరిపొలాల దగ్గర బయటపడుతుంది. ఆమె పై కొస చూసింది, కింది కొస చూసింది. మధ్యలోకి వెళ్లే దారి లేదు. "తాళ్ల సంగతి మీరు చూసుకోండి అన్నయ్యా, రాళ్ల సంగతి నేను చూసుకుంటాను" అంది ఫోన్లో.

సరదా కోసమైతే నేను ఒప్పుకునేవాణ్ని కాదు. ఒప్పుకున్నా కుదిరేది కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అడుగు పెట్టాలంటే అనుమతి కావాలి. 28వ సెక్షన్ కింద పరిశోధనకి, ఫొటోలకి, పర్యాటకానికి ఆ అనుమతి ఇస్తారు. ఆమెది పరిశోధన కాగితం. అందులో సహాయకులుగా నా పేరూ, మా తమ్ముడు (పిన్ని కొడుకు) పేరూ చేర్చారు. షరతులు చాలా ఉన్నాయి. రాయికి డ్రిల్లింగ్ పెట్టకూడదు. లోపల ఏదీ వదిలి రాకూడదు. మంట వెయ్యకూడదు. అటవీశాఖ వాచర్ వెంట ఉండాలి. చీకటి పడేలోగా బయటపడాలి.

మొదటి షరతుతోనే సగం పని మారిపోయింది. జనం తరచూ దిగే లోయల్లో రాతిలో ఇనప బోల్టులు దిగ్గొట్టి ఉంటాయి, వచ్చినవాళ్లు తాడు తగిలించుకుని పోతారు. ఇక్కడ చెట్టు దొరకాలి, లేదా రెండు గోడల మధ్య గట్టిగా ఇరుక్కున్న బండ దొరకాలి. దొరికినా, దానికి చుట్టిన పట్టీ కూడా తిరిగి తెచ్చుకోవాలి. నాకైతే ఈ షరతు నచ్చింది. బోల్టు ఉన్నచోటికి జనం వస్తారు.

సాయంత్రమంతా డాబా మీద కడుగుడే. కప్పల చర్మానికి పట్టే ఫంగస్ ఒకటుంది, కైట్రిడ్ అంటారు. ప్రపంచంలో ఎన్నో కప్పజాతుల్ని అది తుడిచిపెట్టేసింది. తడి బూట్లకీ బురదకీ అంటుకుని ఒక వాగు నుంచి ఇంకో వాగుకి చేరుతుంది. బూట్లు, హెల్మెట్లు బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టాం. నైలాన్‌కి బ్లీచింగ్ పడదు కాబట్టి తాళ్లని, నడుం పట్టీల్ని సబ్బుతో ఉతికి తడి చుక్క లేకుండా ఆరబెట్టాం. మా అమ్మ మెట్లెక్కి వచ్చి చూసి, "ఎవరిల్లు దోచడానికిరా ఇన్ని తాళ్లు?" అంది.

శుక్రవారం, కొండ ఊరు

మోహనా మీదుగా చంద్రగిరి వైపు వెళ్లాం. చంద్రగిరి దగ్గర టిబెటన్లు 1963 నుంచీ ఉంటున్నారు. జీరంగ్‌లో వాళ్ల పెద్ద బౌద్ధాలయం ఉంది, 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. టూరిస్టులందరూ అక్కడే ఆగుతారు. మేమూ ఆగి వేడివేడి తుక్పా (టిబెటన్ నూడుల్స్ సూప్) తాగి బయల్దేరాం. ఆ తర్వాత రోడ్డు సన్నబడి, మట్టిదారై, చివరికి నడకదారి అయింది.

ఊరు సవరలది. కొండవాలుని రాతికట్లతో మెట్లుమెట్లుగా చెక్కి వరి పండిస్తారు. ఆ కట్లలో సిమెంటు ఉండదు, రాయి మీద రాయి పేర్చడమే. పొలాలు కోతకొచ్చి ఉన్నాయి. కోతలంటే ఏనుగుల రాకపోకలు కూడా ఎక్కువే. ప్రతి మడి పక్కనా మంచె కనిపించింది.

మాకు దారి చూపించాల్సిన పెద్దాయన ఒకప్పుడు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పనిచేశారు, తెలుగు బాగా వచ్చు. మేం తాతా అని పిలిచేవాళ్లం. తాళ్లన్నీ చూసి నవ్వారు. "ఏటి బాబూ, ఈ గెడ్డలోకి దిగతారా? మా ఒల్లందరం పైనుంచి సూడ్డమే గానీ ఎవులూ దిగనేదు. దిగితే ఎక్కడానికి దారి నేదు."

వర్షం గురించి అడిగాను. వాతావరణ శాఖ సూచన మా ఫోన్లలో ఉంది, ఆ వారం వాన లేదు. అయినా పై ఊళ్లలో ఏం జరుగుతోందో ఆయనకి తెలిసినంత ఫోనుకి తెలియదు. తిత్లీ తుఫాను రోజు సంగతి చెప్పుకొచ్చారు. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫాను మా జిల్లా కొండల్ని కూడా విరిచేసింది. బారాఘర అనే ఊళ్లో జనం వానకి తాళలేక కొండచరియ కింద తలదాచుకుంటే, ఆ చరియే విరిగి పడింది. తాత ఆ ఊరి పేరు చెప్పి కాసేపు మాట్లాడలేదు. తర్వాత చేత్తో ఎత్తు చూపించి, "గెడ్డలో దుంగలు ఎక్కడ ఇరుక్కున్నాయో సూడండి. నీల్లు అంత ఎత్తుకొచ్చినట్టు లెక్క. ఆకులూ నురగా కలిసి, నీల్లు టీ రంగులోకి తిరిగినాయంటే గట్టెక్కిపోండి, సామాను గీమాను సూసుకోకండి" అన్నారు. చాలా శిక్షణ తరగతుల్లో కూర్చున్నాను గానీ, వరద గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్లు తక్కువ.

తాతకీ ఊరివాళ్లకీ మధ్య సవర భాషలో నడిచిన మాటల్లో మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మా పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆ భాష నేర్చుకుని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చిన గిడుగు రామమూర్తి గారి పేరు చెప్పుకుని ఊరంతా గర్వపడతాం. అక్కడితో సరి.

వాచర్ కాశీనగర్ తెలుగాయన. తాడు మీద ఎప్పుడూ దిగలేదు. పనసచెట్టు కొమ్మకి వేలాడదీసి చీకటి పడేదాకా నేర్పించాం. "ఉద్యోగంలో చేరినప్పుడు ఇది చెప్పలేదు" అని నవ్వుతూనే గొణిగారు. ఆయన్ని సొంతంగా దిగమనకుండా మేమే పైనుంచి దించాలని నిర్ణయించుకున్నాం.

శనివారం, పై సగం

గండి మధ్యలో ఎడమవైపు ఒక పిల్లగెడ్డ వచ్చి కలుస్తుంది. అక్కడొక్కచోటే నడిచి బయటికి రావచ్చు. అందుకని పై సగం ఈరోజు, కింది సగం రేపు అనుకున్నాం. తాత మాతో దిగరు, గట్టు మీద నడుస్తూ పైనీళ్ల మీద కన్నేసి ఉంచుతారు.

దోమల మందు, సన్‌స్క్రీన్ ఏవీ పూసుకోవద్దని పరిశోధక అమ్మాయి ముందే చెప్పింది. అవి నీళ్లలో కలిస్తే తోకకప్పలకి ముప్పు. కాబట్టి దోమలు మమ్మల్ని హాయిగా భోంచేశాయి.

ఇక్కడి రాయి ఖొండలైట్. గార్నెట్ గింజలు ఎర్రగా మెరుస్తూ ఉంటాయి, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఎండకీ వానకీ పైపొర పెళుసుబారిపోతుంది, చేత్తో పట్టుకుంటే పెచ్చు ఊడి వస్తుంది. నీళ్లు పారేచోట పాచి పట్టి బూటు నిలవదు. బోల్టు కొట్టనిచ్చినా ఈ రాతిలో దాన్ని నమ్మేవాణ్ని కాను.

మొదటి జలపాతం రెండంతస్తుల ఎత్తు ఉంటుందేమో. గట్టున మంచి చెట్టు దొరికింది. ముందు ముగ్గురినీ మామూలు పద్ధతిలో దింపేశాం. చివరి మనిషి నేను. అప్పుడు కట్టు మార్చాలి. తాడు చెట్టు చుట్టూ తిప్పి, రెండు పాయలూ కలిపి ఒక ముడి వేసి, ఆ ముడిలోకి జానెడు గట్టి ప్లాస్టిక్ కడ్డీ గుచ్చుతాం. కడ్డీ లోపల ఉన్నంతసేపూ ముడి బిగిసే ఉంటుంది. కడ్డీ చివర సన్నతాడు కడతాం. దిగిపోయాక సన్నతాడు లాగితే కడ్డీ ఊడుతుంది, ముడి దానంతటదే విడిపోతుంది, తాడంతా కిందికి జారి పడుతుంది. చెట్టు దగ్గర మనం వచ్చిన గుర్తే ఉండదు. దిగుతుండగా ఆ సన్నతాడు ఎక్కడైనా కొమ్మకి తట్టుకుని లాగిందా, ఇక అంతే సంగతులు. అందుకే దాన్ని నా నడుం సంచిలోనే ఉంచుకుని, దిగుతూ కొంచెం కొంచెంగా వదులుతాను. ఎన్నిసార్లు చేసినా మొదటి రెండడుగులూ టెన్షనే.

కిందికి చేరి సన్నతాడు లాగగానే వాచర్ మొహం మారిపోయింది. తాడు నీళ్లలో పడిపోయింది. వెనక్కి ఎక్కే దారి పోయింది. "అయితే ఇక ముందుకేనా?" అన్నారు. ముందుకే.

రెండో జలపాతం చిన్నదే గానీ గుండంలోకి పడుతుంది. నురగ తెల్లగా కమ్మేసిన చోట ఈత వచ్చినా లాభం లేదు. అక్కడి నీళ్లలో గాలే ఎక్కువ, మనిషి తేలడు. మా తమ్ముడు దూకుతానన్నాడు. అడుగున దుంగ ఉందో రాయి ఉందో తెలియకుండా దూకడం మా జట్టులో కుదరదని చెప్పాను. తాడుని సరిగ్గా నీటిమట్టం దాకానే వదిలాం. కొస ఎక్కువైతే సుడిలో కాళ్లకి చుట్టుకుంటుంది. కొసకి ముడి కూడా వెయ్యం, నీళ్లలోకి చేరిన మనిషి తాడులోంచి సాఫీగా జారి బయటపడాలి. జలపాతం హోరులో మాట వినపడదు, అంతా ఈలలే. ఒక ఈల అంటే ఆగు, రెండంటే తాడు వదులు.

ఆ గుండం దాటాక గోడలు దగ్గరికొచ్చాయి. తలెత్తి చూస్తే తిత్లీ దుంగలు కనిపించాయి, రెండు గోడలకీ అడ్డంగా, మా తలల మీద మూడు మనుషుల ఎత్తున. తాత చెప్పిన లెక్క అక్కడ అర్థమైంది. ఆ చోటు దాటేదాకా ఎవరం మాట్లాడుకోలేదు. పిల్లగెడ్డ చేరేసరికి మధ్యాహ్నం అయింది. పైన బెట్లుడుత ఒకటి మమ్మల్ని చూసి తెగ అరిచింది. అమ్మాయి మాత్రం తడిరాళ్ల కింద టార్చి వేస్తూ, నోటుబుక్కులో రాసుకుంటూ, మాకంటే గంట వెనకాలే వచ్చింది.

ఆదివారం, కింది సగం

ఈ రోజు గురించే రాయాలని కూర్చున్నాను.

పిల్లగెడ్డ దగ్గర మళ్లీ దిగి, రెండు చిన్న దూకుళ్లు సులువుగా దాటి, పెద్ద జలపాతం పైకొచ్చాం. కింది మడుగు దాకా ముప్ఫై మీటర్లు పైమాటే. నీళ్లు కుడివైపు పడుతున్నాయి. ఎడమవైపు గోడ లోపలికి వంగి ఉంది, దాని నెత్తిన లావుపాటి చెట్టు. తాడు వెయ్యడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. పొడిగా ఉంది, నీటి దెబ్బ తగలదు, తాడు గాల్లో వేలాడుతుంది. నేను అప్పటికే చెట్టుకి పట్టీ చుడుతున్నాను.

"అన్నయ్యా, ఒక్క నిమిషం." అమ్మాయి నడుముకి తాడు కట్టించుకుని, అంచున బోర్లా పడుకుని, టార్చి పట్టుకుని కిందికి వంగి చూస్తోంది. ఎంతసేపటికీ లేవదు. చివరికి నన్నూ రమ్మంది.

వంగిన గోడ లోపలి భాగాన తెల్లటి చుక్కలు. చిన్న చిన్న గుడ్లు, ఒకదాని పక్కన ఒకటి రాతికి అతుక్కుని ఉన్నాయి. కొన్ని నిండుగా, కొన్ని పగిలి ఖాళీ పెంకులుగా. చాలా ఆడబల్లులు ఒకే చోటికి వచ్చి పెడతాయట. పాత పెంకుల పక్కనే కొత్త గుడ్లు. పగుల్లోంచి ఒక బల్లి సగం బయటికొచ్చి, టార్చి వెలుగు పడగానే లోపలికి పోయింది. ఒళ్లు గోధుమరంగు, గొంతు దగ్గర పసుపు. నాకు కనిపించింది అంతే.

బంగారు బల్లి కావచ్చంది ఆమె. 1870లో బెడ్డోమ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త తిరుపతి కొండల్లో దొరికినదాన్ని చూసి వర్ణించిన జాతి. తూర్పు కనుమల్లో తడి నీడ ఉన్న రాతి సందుల్లోనే బతుకుతుంది. గుడ్లు పెట్టే కాలంలో మగబల్లికి నిజంగానే పసిడి రంగు వస్తుంది. ఒడిశాలో నియమగిరి కొండల్లో కూడా ఉంది. చట్టంలో మొదటి షెడ్యూల్‌లో పెట్టి కాపాడుతున్న ప్రాణి. ఫొటోలు తీసి సీనియర్లకి పంపాకే ఏదైనా తేలుతుందని చెప్పి, చెట్టు వైపు చూసింది. నేను అప్పటికే పట్టీ విప్పేస్తున్నాను. ఆ చెట్టు నుంచి తాడు వేస్తే, మనిషి ఊగినప్పుడల్లా ఆ గుడ్ల వరస మీద రంపంలా తిరుగుతుంది.

వాచర్ వచ్చి వంగి చూశారు. "కంచికెళ్లి తాకేది ఇదేనా?" అన్నారు. కంచిలోది లోహపు బల్లి, దీన్ని తాకితే దోషం పోదు, జైలుకి పోతాం అన్నాడు మా తమ్ముడు. నవ్వుకున్నాం గానీ చిక్కు అలాగే ఉంది. వెనక్కి ఎక్కలేం, తాళ్లు లాగేసుకున్నాం. ఎడమవైపు దిగలేం. మిగిలింది కుడివైపు, అంటే నీళ్లలోంచే.

మా తమ్ముడికి ఇది నచ్చలేదు. "మనుషుల ప్రాణం కంటే గుడ్లు ఎక్కువా?" అన్నాడు. ప్రశ్న తప్పు కాదు. నీళ్లలోంచి దిగడం కుదరదని తేలితే ఎడమవైపే దిగేవాళ్లం, ఆ మాట అందరి ముందూ చెప్పాను. కానీ కుదురుతుందో లేదో చూడకుండానే, సుఖంగా ఉందని ఎడమవైపు దిగడానికి మాకు ఆ కాగితం ఇవ్వలేదు కదా.

కుడిగట్టున రెండు గోడల మధ్య ఇరుక్కున్న బండ ఒకటుంది. ముగ్గురం లాగి చూశాం, కదల్లేదు. దానికి తాడు చుట్టాం. నేను మొదట దిగాను. రెండు మీటర్లు దిగానో లేదో నీళ్లు భుజాల మీద పడ్డాయి. డిసెంబర్ నీళ్లు. గడ్డం గుండెకి ఆన్చి, హెల్మెట్ అంచు కింద మిగిలిన కాస్త చోటులో ఊపిరి పీల్చుకుంటూ, కాళ్లు ఎడంగా పెట్టి దిగాలి. కళ్లు తెరిచినా కనపడేది తెలుపే. నీటి తోపు నన్ను మాటిమాటికీ ఎడమవైపుకే నెట్టేది, సరిగ్గా ఏ వైపుకి పోకూడదో ఆ వైపుకి. సగం దూరంలో చేతికి ఒక మర్రివేరు తగిలింది. దానికి చిన్న పట్టీ వేసి, తాడుని కుడివైపుకి లాగి కారబైనర్‌లో (తాడు తగిలించే లోహపు కొక్కెంలో) తగిలించాను. అక్కడి నుంచి తాడు ధారకి అంచునే వేలాడింది, ఊపిరాడింది. మడుగులో పడి ఒడ్డుకి ఈదాక చేతులు వణికి ఈల పట్టుకోవడం కష్టమైంది.

వాచర్‌ని దించుతున్నప్పుడు "సింహాద్రి అప్పన్నా" అన్న కేక హోరులోంచి కూడా వినిపించింది. కిందికొచ్చాక ఆయన అడిగిన మొదటి మాట, "గుడ్లకి తాడు తగల్లేదు కదా?"

చివర్న తమ్ముడు దిగాడు. దారిలో వేరుకి ఉన్న పట్టీ విప్పుకుని, కడ్డీ లాగి తాడు దింపేశాడు. గుడ్ల గురించి ఇంకేమీ అనలేదు.

ఆపైన రెండు మడుగులు ఈదితే గండి విప్పారి, వెదురుపొదలు, వాటి అవతల పొలాలు. మూడున్నరకే బయటపడిపోయాం అనుకున్నాం. వాచర్ చెయ్యెత్తి ఆపేశారు. ఇసుకలో అడుగులు, పెద్ద పళ్లెమంత. పక్కన లద్ది, ఇంకా ఆవిరి వస్తోంది. వెదుర్లు విరుగుతున్న చప్పుడు. 2007 ప్రాంతంలో శ్రీకాకుళం జిల్లాలోకి దిగి, అప్పటినుంచీ ఆంధ్రలో వార్తల్లో ఉంటున్న ఏనుగులు ఈ లఖారీ అడవుల నుంచి వచ్చినవే. మా దారికి అడ్డంగా ఇప్పుడు మేస్తున్నది వాటి చుట్టాలే.

ముందుకి ఏనుగులు, వెనక జలపాతం. మంట వెయ్యకూడదు, వేసినా పొగకి అవి ఎటు తిరుగుతాయో తెలియదు. గాలి మావైపు వీస్తోందని చూసుకుని, బండల మీదికి ఎక్కి కూర్చున్నాం. తడిబట్టలు. ఉన్నది పల్లీచిక్కీ, ఇంటి నుంచి తెచ్చిన బెల్లంముక్క. వాచర్ ఫోన్లో ఒక గీత సిగ్నల్ దొరికితే రేంజ్ ఆఫీసుకి ఆలస్యమవుతోందని చెప్పేశారు. చీకటి పడ్డాక పొలాల వైపు డప్పులు మోగాయి, మంచెల మీద కాగడాలు లేచాయి. ఏనుగులు తొందరేమీ పడలేదు. ఎడమ కొండవాలు పట్టుకుని, వెదుర్లు లాక్కుంటూ, వాటి తీరికని బట్టి వెళ్లాయి. తాత గొంతు వినపడ్డాకే కదిలాం. "ఎల్లిపోనాయి బాబూ, రండి. అమ్మా, అడుగు సూసి ఎయ్యి."

ఆ రాత్రి తాత ఇంట్లో చోళ్ల (రాగి) అంబలి తాగాం. జీలుగు కల్లు కూడా ఇచ్చారు. వాచర్ యూనిఫాంలో ఉన్నానని వద్దన్నారు, కాసేపయ్యాక చొక్కా మార్చుకుని వచ్చారు.

సోమవారం, తిరుగుదారి

ఉదయం అమ్మాయి రిపోర్టు రాస్తుంటే, గుడ్ల చోటు పటంలో గుర్తు పెట్టడానికి నేను సాయం చేశాను. ఆ పటం ఆమె దగ్గర, అటవీశాఖ దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదు. ఈ కథనంలో కూడా గెడ్డ పేరు, ఊరి పేరు అందుకే రాయలేదు. ఫొటోల మీద సీనియర్ల మాట ఇంకా రావాలి.

తాడు పైపొర ఒకచోట చితికింది, కుడిగట్టు బండ అంచు రాసుకుని ఉంటుంది. ఆ ముక్క కోసేశాను. మిగతా సామానంతా మళ్లీ బ్లీచింగ్, సబ్బు, ఎండ.

మోహనాలో టీ తాగుతుంటే ముంబై నుంచి పాత జట్టు మిత్రుడు ఫోన్ చేశాడు. మా తమ్ముడు స్టేటస్‌లో జలపాతం ఫొటో ఒకటి పెట్టాడట, అది చూశాడు. "కేక రా! లొకేషన్ పంపు, జనవరిలో పదిహేను మందిమి వస్తాం" అన్నాడు. పంపనన్నాను. అనుమతులు తామే తెచ్చుకుంటామన్నాడు. తెచ్చుకున్నా పంపనన్నాను. బోల్టులు కొట్టబోమని, చెత్త వెయ్యమని, గంటలో దిగి వెళ్లిపోతామని ఏకరువు పెట్టాడు. వాడు మంచివాడే, చెప్పినవన్నీ చేస్తాడు కూడా. వాడి తర్వాత వచ్చే పదిహేను మందికి వాడు పూచీ పడగలడా అని అడిగితే సమాధానం లేదు. చివరికి గండాహతి జలపాతం లొకేషన్ పంపాను. మా ఊరికి దగ్గరే, రోడ్డుంది, ఆదివారం సాయంత్రం పిక్నిక్ జనంతో కిటకిటలాడుతుంది. తమ్ముడి చేత ఆ స్టేటస్ కూడా తీయించాను. వాడు నా మీద కోపంగా ఉన్నాడు, ముంబైవాడు ఇంకా ఎక్కువ కోపంగా ఉన్నాడు.